మా మిద్దె మీది చుట్టాలు

మా ఇంటి పైన రెండు గదులు వేయించినప్పుడు అందులోకి ఫిలిప్పీన్స్ దేశపు మనిషి కిరాయికి వస్తాడని మేమెవరమూ అనుకోలేదు. అప్పటికి విమానాశ్రయం మొదలై రెండు మూడేళ్ళయింది. శంషాబాద్‌లో ఏ గల్లీ చూసినా ఎవరో ఒకరు ఇంటి మీద ఇల్లు లేపుతున్నారు. మా నాన్న కూడా బర్రెల కొట్టం పక్కనుంచి మెట్లు కట్టించి, పైన పోర్షన్ తయారుచేశాడు. బ్యాంకు ఉద్యోగో, పోలీసాయనో వస్తాడని మా అంచనా. వచ్చింది మాత్రం నున్నగా దువ్విన జుట్టు, నవ్వు మొహం ఉన్న ముప్ఫై ఏళ్ళ ఇంజినీరు. విమానం ఒంటి మీది రేకులకు సొట్టలు పడినా, పగుళ్ళొచ్చినా బాగుచేయడం ఆయన పని.

నేను అప్పుడు దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ చెప్పేదాన్ని. ఇంట్లో ఆ భాష వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆయన మాట మా వాళ్ళకూ, మా వాళ్ళ మాట ఆయనకూ చేర్చే పని నా మీద పడింది. ఆయన సూట్‌కేసు ఇంకా మెట్ల దగ్గరే ఉండగా మా అమ్మ మొదటి ప్రశ్న వేసింది.

"ఈడ వాళ్ళోళ్ళు ఎవరన్న ఉన్నరా, అడుగు బిడ్డా."

అడిగాను. ఆయన నవ్వి, ఎవరూ లేరన్నాడు. కంపెనీలో రకరకాల దేశాలవాళ్ళున్నారు గానీ తమ దేశంవాళ్ళు లేరట. ఆ జవాబు తెలుగులో చెప్పగానే అమ్మ మొహం మారిపోయింది. మా అమ్మకు మనుషులు లేకపోవడమంటే జ్వరం రావడం లాంటిది. వెంటనే ఏదో ఒకటి చేయాలి.

అమ్మకు చదువు లేదు కానీ పాల వ్యాపారం ఉంది. పొద్దునా సాయంత్రం చెంబులు పట్టుకుని వచ్చేవాళ్ళందరితో అమ్మ మాట్లాడుతుంది. ఎవరింట్లో ఏం జరిగిందో, ఎవరి మరిది ఎక్కడ పనికి కుదిరాడో అన్నీ తెలుసు. ఆ మర్నాటి నుంచి పాలకొచ్చిన ప్రతి మనిషినీ ఒకటే అడగడం మొదలుపెట్టింది. "మా మీదాయన ఫారినాయన. ఒక్కడే ఉంటుండు పాపం. మీకు ఫారినోళ్ళు ఎవరన్న ఎరుకా?"

మీదింట్లో ఉంటాడు కాబట్టి ఆయన మాకు మీదాయన. ఆ పేరే స్థిరపడింది.

"ఏ దేశపోళ్ళు కావాల్నో చెప్పకుండ గట్ల అడిగితే ఎట్లమ్మా?" అన్నాను.

"ఫారినోళ్ళకు ఫారినోళ్ళు ఒక్కటి కాకుంట పోతరా? నువ్వు ఊకో" అంది.

పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. భర్త సౌదీలో క్రేన్ నడిపేవాడు. అమ్మను అక్కా అని పిలిచేది. పహాడీ షరీఫ్‌లో ఉండే ఆమె చెల్లెలింట్లో ఒక సూడాన్ ఆయన కిరాయికుంటాడని ఆమే చెప్పింది. ఆ మనిషి హైదరాబాద్‌లో ఫార్మసీ చదివి, మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు. ఇంకొకాయన రోజూ మా దగ్గర పాలు పోయించుకునే నేపాల్ మనిషి. విమానాల్లో ప్రయాణికులకు పెట్టే భోజనాలు తయారయ్యే వంటశాలలో కేకులు, రొట్టెలు చేస్తాడు. అమ్మ ఇద్దరినీ ఒకే ఆదివారం మధ్యాహ్నానికి పిలిచింది.

ఆ రోజు పొద్దుటి నుంచే మీదాయన హుషారుగా ఉన్నాడు. మెట్లు ఊడ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మధ్యాహ్నానికి సూడాన్ ఆయన వచ్చాడు. మా గుమ్మానికి తల తగులుతుందేమో అన్నంత పొడుగు. పాదాల దాకా తెల్లని అంగీ, చేతిలో సీసా నిండా ఎర్రని షర్బత్. తర్వాత నేపాల్ ఆయన కేకు డబ్బాతో వచ్చాడు. అమ్మ ముగ్గురినీ మిద్దె మీద చాప పరిచి, పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

"ఇగ మాట్లాడుకోండ్రి" అని చెప్పి కిందికి దిగింది.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. కాసేపటికి సూడాన్ ఆయన మెల్లగా ఇంగ్లిష్‌లో అడిగాడు. "మా దేశం మనిషి ఇంకా రాలేదా?"

మీదాయన నా వైపు చూశాడు. "మా దేశం మనిషి కదా వస్తానన్నది?"

నేపాల్ ఆయన విషయం గ్రహించి హిందీలో అన్నాడు. "నాక్కూడా అట్లాగే చెప్పింది అమ్మ. మీవాడొకడు దొరికాడు, ఆదివారం రా అని."

ముగ్గురికీ అమ్మ చెప్పిన మాట ఒకటే. మీ మనిషి దొరికాడు. మీదాయనకు కూడా నేను స్కూల్లో ఉండగా సైగలతో తనే చెప్పేసిందట. సూడాన్ ఆయన ఆ మాట నమ్మి పండగ బట్టలేసుకుని పహాడీ షరీఫ్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చాడు. ఒక్క క్షణం అతని కళ్ళలో కనిపించిన నిరాశకు నాకు ప్రాణం చివుక్కుమంది. అంతలో అతనే ముందు నవ్వాడు. పెద్ద గొంతు. ఆ నవ్వు ఆగకముందే మిగతా ఇద్దరూ అందుకున్నారు. కొట్టంలో ఉన్న నాన్న కూడా బయటికొచ్చి పైకి చూశాడు.

"చూసినవా, నేను చెప్పలే? కలిసిపోయిండ్రు" అంది అమ్మ కింద నుంచి.

ఆ ఎర్ర షర్బత్ తాగాక అమ్మకు ఇంకో సంతోషం దొరికింది. అది ఏ పండుతో చేశారని అడిగితే సూడాన్ ఆయన జేబులోంచి ఎండిన ఎర్రని రేకులు తీసి చూపించాడు. అమ్మ వాటిని వాసన చూసి, కొరికి, "ఓయమ్మ, ఇది మన పుంటికూర కాయ తొక్కనే" అంది. కోస్తావాళ్ళు గోంగూర అంటారే, అది. నాన్న వెళ్ళి పెరట్లోంచి ఒక కొమ్మ విరుచుకొచ్చాడు. సూడాన్ ఆయన ఆ కొమ్మను రెండు చేతులా పట్టుకుని, ఈ మొక్క తన ఊళ్ళో తప్ప ఇంకెక్కడా ఉండదనుకున్నానన్నాడు. పోయేటప్పుడు దాన్ని అంగీకి గుచ్చుకుని పోయాడు.

తర్వాత ఆదివారాలు వాటంతటవే కుదిరాయి. ఎవరూ ఎవరినీ పిలవనక్కర్లేదు. మీదాయన చింతపండు పులుసులో చేపలు వండేవాడు, మా పులుసుకు దగ్గరగానే ఉండేది గానీ కారం ఉండేది కాదు. నేపాల్ ఆయన డ్యూటీ దిగి వస్తూ ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒకసారి మీదాయన చికెన్ షాపుకు పోయి కోడికాళ్ళు అడిగితే, ఆ షాపాయన కుక్కకనుకుని ఊరికే సంచి నింపి ఇచ్చాడు. అవి కుక్కకు కాదు, కూరకని తెలిసి అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వండాక ఒకటి రుచి చూసి, "ఏమో, గంత ఖరాబు లేదు" అని ఒప్పుకుంది.

పక్కింటావిడ కూడా మిషను ఆపి పైకొచ్చేది. సూడాన్ ఆయనకు ఉర్దూ కొద్దిగా వచ్చు కాబట్టి ఆమెతో బాగా మాట్లాడేవాడు. అతని సొంత భాష అరబ్బీ కాబట్టి, అరబ్బులు తన భర్తతో మాట్లాడే మాటలకు అర్థాలేమిటో అతన్ని అడిగి తెలుసుకుని, ఫోన్లో భర్తకు చెప్పేది.

అలా ఏడాది గడిచాక మీదాయన సెలవు మీద ఇంటికెళ్ళాడు. ఎన్నాళ్ళుగానో ప్రేమించిన అమ్మాయిని రిజిస్టర్ పెళ్ళి చేసుకుని తిరిగొచ్చాడు. చర్చిలో పెళ్ళికి సెలవు చాలలేదట. వీసా రాగానే ఆమె ఇక్కడికే వస్తుందనీ, చర్చి పెళ్ళి ఇక్కడే చేసుకుంటామనీ చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మా ఇంట్లో పెళ్ళి హడావిడి మొదలైంది. పెళ్ళిలో పిల్లవాడి తల్లిగా ఎవరుండాలనే ప్రశ్నే రాలేదు. అమ్మ ఆ బాధ్యత తీసేసుకుంది.

ఆమె వచ్చే రోజు అందరం ఎయిర్‌పోర్టుకు బయల్దేరాం. ఎవరిదో సుమో మాట్లాడాం. అమ్మ బంతిపూల దండ గుచ్చింది. పక్కింటావిడ కొత్త బురఖా వేసుకుంది. సూడాన్ ఆయన తెల్లంగీ, నేపాల్ ఆయన కేకు. నాన్న ఉతికిన ధోతి కట్టి ముందు సీట్లో కూర్చున్నాడు. బయటికొచ్చే దారి దగ్గర ఇనుప కమ్మీలకు ఆనుకుని నిలబడితే చుట్టుపక్కలవాళ్ళు మేమంతా ఒక్క మనిషి కోసం వచ్చామంటే నమ్మలేదు.

ఆ అమ్మాయి ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. చిన్న మనిషి, పొట్టి జుట్టు, అలసిన మొహం. భర్తను చూసి నవ్వింది. ఆయన వెనక మమ్మల్ని చూసి ఆ నవ్వు ఆగింది. అమ్మ దండ వేసింది, నేపాల్ ఆయన కేకు చేతిలో పెట్టాడు, పక్కింటావిడ బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. ఆమె అందరికీ తలవంచి నమస్కారాలు పెట్టింది. సుమో ఎక్కాక మాత్రం భర్తను వాళ్ళ భాషలో ఏదో అడిగింది. ఆయన నసిగాడు. మళ్ళీ అడిగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. అప్పుడు ఆమె నా వైపు తిరిగి ఇంగ్లిష్‌లో అడిగింది.

"వీళ్ళందరూ ఎవరు? ఇక్కడ తనకు ఎవరూ లేరని చెప్పాడు కదా?"

"ఏమంటుందే?" అంది అమ్మ.

నేను అన్నది అన్నట్టు చెప్పేశాను.

"ఎవ్వరు లేరన్నడా?" అంది అమ్మ. ఇంటికొచ్చేదాకా ఇంకేమీ అనలేదు.

రోజూ అమ్మ పైకి పంపే కూర ఆ రాత్రి పోలేదు. మర్నాడు కూడా పోలేదు. మీదాయన కడిగిన గిన్నెలు తీసుకుని కిందికొచ్చి, తనకొచ్చిన కొద్దిపాటి తెలుగులో అడిగాడు. "అమ్మా, కోపం?"

"నాకెందుకు కోపం? నువ్వెవరు, నేనెవరు?" అని గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

ఆయన పాపం గడప దగ్గర నిలబడిపోయాడు. తర్వాత నాతో చెప్పుకున్నాడు. "ఫోన్లో అడిగింది, నీకక్కడ ఎవరైనా ఉన్నారా అని. మా భాష మాట్లాడేవాళ్ళు ఉన్నారా అని అడిగినట్టు అనిపించింది నాకు. లేరన్నాను. అంతే. మళ్ళీ మళ్ళీ అడిగింది, మళ్ళీ మళ్ళీ అదే చెప్పాను. మీ అమ్మ సంగతి ఏమని చెప్పాలి? ఇంటి ఓనర్ అని చెప్తే అది అబద్ధం. అమ్మ అని చెప్తే మా అమ్మ ఉంది. ఏ మాట వాడాలో తెలియక వదిలేశాను."

ఇది అమ్మకు చెప్తే, "మాటలు బాగనే నేర్చిండు" అంది తప్ప కరగలేదు.

సాయంత్రం పాలకొచ్చిన పక్కింటావిడ సంగతి గ్రహించింది. చెంబు పక్కన పెట్టి అరుగు మీద కూర్చుంది.

"అక్కా, నా మియా సౌదీల రూము నిండ మనుషులతోని ఉంటడు. అందరు కలిసి వండుకుంటరు, ఒకరికి బుఖార్ వస్తే ఇంకొకరు దవాఖానకు తీస్కపోతరు. ఫోన్ చేస్తే మాత్రం ఏమంటడు తెలుసా? ఈడ నాకెవ్వరు లేరే అంటడు. మొదట్ల నేను మస్తు ఏడ్చిన. ఇప్పుడు అర్థమైంది. పెండ్లాంతోని మాట్లాడుతుంటే ఇగ వేరేటోళ్ళు యాదికి రారు. దాంట్ల మన తప్పేం లేదు, వాళ్ళ తప్పేం లేదు. నువ్వు ఫికర్ జెయ్యకు."

అమ్మ వింటూ పాలు కొలిచి పోసింది. ఎప్పటి కన్నా కాస్త ఎక్కువే పోసింది.

నిజంగా సంగతి తేల్చింది ఆ పిల్లే. మర్నాడు పొద్దున అమ్మ వంటింటి ముందు కూర్చుని పుంటికూర తెంపుతోంది. ఆ అమ్మాయి మెట్లు దిగి వచ్చి, అడక్కుండానే ఎదురుగా కూర్చుని తనూ ఆకు తెంపడం మొదలుపెట్టింది. ఇద్దరూ కలిసి ఒక కట్ట పూర్తిచేశారు. స్కూలుకు బయల్దేరుతున్న నన్ను ఆపి ఆమె అంది.

"మీ అమ్మకు చెప్పండి. నాక్కూడా అతని మీద చాలా కోపంగా ఉంది. మా ఊళ్ళో నేను చిన్నపిల్లల బడిలో టీచర్ని. ఇక్కడ ఒంటరిగా ఉన్నాడని జాలిపడి, బడి మధ్యలో వదిలేసి వచ్చాను. పిల్లలు ఏడ్చారు. వచ్చి చూస్తే ఇక్కడ ఊరంతా ఉంది. ఇద్దరం కలిసి కోపంగా ఉందామని చెప్పండి."

చెప్పాను. అమ్మ చేతిలోని ఆకు కిందపెట్టి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత పడీపడీ నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పిల్ల మంచిది. దానికి నాస్తా పెట్టు. మీదాయనకు పెట్టకు" అంది.

ఆ రోజంతా మీదాయనను ఇద్దరూ కలిసి సాధించారు. ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒకరు తెలుగులో, ఒకరు వాళ్ళ భాషలో, మెట్ల మొదట్లోనే పట్టుకుని తిట్టారు. ఒకరు ఊపిరి తీసుకుంటే ఇంకొకరు అందుకున్నారు. ఆయన టిఫిన్ డబ్బా ఛాతీకి అదుముకుని నిలబడ్డాడు. తిట్లన్నీ అయ్యాక అమ్మ లోపలికి పోయి అన్నం పెట్టుకొచ్చింది.

పెళ్ళిలో దీని ఫలితం కనిపించింది. పిల్లవాడి తల్లిగా ఉండాల్సిన అమ్మ ఉన్నట్టుండి పక్షం మార్చింది. "నేను పిల్ల దిక్కు. దానికి ఈడ ఎవరున్నరు?" అంది. మీదాయనకు తల్లి లేకుండా పోయింది. పక్కింటావిడ వెంటనే, "అయితే పిలగాని అమ్మీని నేను" అని లేచింది. ఆమె వయసు మీదాయన కంటే రెండు మూడేళ్ళు ఎక్కువుంటుందేమో. సూడాన్ ఆయన పెద్దన్న, నేపాల్ ఆయన మేనమామ. మా నాన్నను ఎటు ఉంటావంటే, "ఎటుదిక్కు బువ్వ ముందు పెడితే అటు" అన్నాడు.

వాళ్ళ పెళ్ళిలో పెద్దవాళ్ళు ఒక పొడుగాటి తెల్లని ముసుగు తెచ్చి, పెళ్ళికూతురి తల మీదా పెళ్ళికొడుకు భుజం మీదా కలిపి కప్పి, పిన్నులు పెడతారు. ఆ ముసుగు పక్కింటావిడ కుట్టింది. అంచు చుట్టూ చిన్న తెల్లపూసలు కుట్టి ఇచ్చింది. అది కప్పేది ఎవరని చర్చి ఫాదర్ అడిగితే అందరూ అమ్మను ముందుకు తోశారు. చర్చి మనుషులు సాక్షి సంతకాలు పెడితే చాలు, ముసుగు ఎవరు కప్పినా ఫరవాలేదని ఆయన అన్నాడు.

అమ్మ ముసుగు కప్పింది. పిన్నులు సరిగ్గానే పెట్టింది. తర్వాత చేతులు ఊరుకోలేదు. ముసుగు చివర పట్టుకుని, పెళ్ళికొడుకు టక్ చేయకుండా బయటికి వదిలిన తెల్లని ఎంబ్రాయిడరీ చొక్కా అంచుకు గట్టిగా ముడివేసింది. ఫాదర్ పుస్తకం మూసి చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నవమ్మా?" అన్నాను మెల్లగా.

"ముడెయ్యకుంటె పెండ్లి ఎట్లయితది?" అంది గట్టిగానే.

ఫాదర్ కూడా తెలంగాణ మనిషే. నవ్వు ఆపుకుని, "వెయ్యమ్మా, వెయ్యి. నేను ఆగుత" అన్నాడు. బెంచీల్లో ఉన్న చర్చివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. పెళ్ళికూతురు ముసుగు కింద భుజాలు కదిలేలా నవ్వుతోంది. ముడి పడ్డాక వాళ్ళిద్దరూ ఆ ముడితోనే నడిచి బయటికొచ్చారు. మెట్ల దగ్గర ఆయన ఒక అడుగు ముందుకేస్తే ఆమె ముసుగు పట్టుకుని వెనక్కి లాగింది.

భోజనాలు మా మిద్దె మీదే. బగార అన్నం, మటన్ మావాళ్ళు వండారు. పెళ్ళికూతురు పొద్దున్నే లేచి నూడుల్స్ చేసింది. అవి తింటే ఆయుష్షు పెరుగుతుందట. మా నాన్న ఆయుష్షు కోసం రెండుసార్లు వడ్డించుకున్నాడు. సూడాన్ ఆయన తన ఊరి పాటేదో ఎత్తుకున్నాడు. నేపాల్ ఆయన గిన్నె బోర్లించి దరువేశాడు. గల్లీలో పాలకొచ్చినవాళ్ళు కూడా పైకొచ్చి తిని పోయారు. సాయంత్రం పాలు ఆలస్యంగా పితికారు, ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మా మీదింట్లో రెండేళ్ళకు పైగా ఉన్నారు. ఆమె శనివారాలు మా స్కూలుకొచ్చి చిన్నపిల్లలకు ఊరికే ఆటలూ పాటలూ నేర్పేది. మా తెలుగు మా అమ్మ దగ్గరే నేర్చుకుంది కాబట్టి అచ్చం మా అమ్మలాగే మాట్లాడేది. కూరగాయలాయనను "ఏందన్నా, గిట్లిస్తే ఎట్ల?" అని నిలదీసేది. కొన్నాళ్ళకు కంపెనీలో వాళ్ళ దేశంవాళ్ళు ఇద్దరు చేరారు. మీదాయన మొదటి రోజే వాళ్ళను తీసుకొచ్చి అమ్మ ముందు నిలబెట్టాడు.

2014లో ఆయన ఒప్పందం ముగిసింది. వేరే దేశంలో ఉద్యోగం దొరికింది. వెళ్ళే రోజు అందరూ ఏడ్చారని చెప్పాలి గానీ, ఎక్కువ ఏడ్చింది సూడాన్ ఆయనే. అంత పొడుగు మనిషి అలా ఏడుస్తుంటే అతన్ని ఓదార్చే పనిలో మేం ఏడవడం మరిచిపోయాం.

వాళ్ళు వెళ్ళాక వచ్చిన ఒక ఆదివారం మధ్యాహ్నం సూడాన్ ఆయనా, నేపాల్ ఆయనా ఇంటికొచ్చారు. పైన గదులకు తాళం ఉంది. కింద అరుగు మీదే కూర్చుని చాయ్ తాగారు. పక్కింటావిడ వచ్చింది. అంతలో ఆ అమ్మాయి నుంచి ఫోన్. స్పీకర్ పెడితే అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. ఎవరి మాటా ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు మా నాన్న చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. ఆయన ఫోన్లో మాట్లాడటం అరుదు. అందరం ఆగాం.

"బిడ్డా, ఆడ వానలు పడ్డయా?" అని అడిగాడు.

ఇంకా పడలేదంది ఆమె.

"ఈడ మొన్న మంచిగ పడ్డది" అని చెప్పి, ఫోన్ అమ్మకిచ్చేసి, బర్రెలకు మేత వేయడానికి లేచి వెళ్ళాడు.